అక్షరాలు ఢిల్లీవి, బతుకులు బస్తరువి

ఇంగ్లీషు చదువుకున్నవారికి అంటుకునే వ్యసనాలలో పెద్దగా హాని చేయనిది ఒకటున్నది. కొన్ని అక్షరాలు చేతికిచ్చి, అవి ఇమిడిపోయే ఇంగ్లీషు మాటలను వెదకమనటం. ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రుణ్ణి కావటం చేతనో, పార్లమెంటు విలేఖరుల గ్యాలరీలో సభ ఎప్పుడు తిరిగి సమావేశమవుతుందా అని గంటల తరబడి నిరీక్షించవలసి రావటం చేతనో, ఈ వ్యసనం నాకూ ఉన్నది. గ్యాలరీలో నేనొక్కడినే కాదు. పూర్వం దినపత్రికను నాలుగు మడతలు పెట్టి పెన్సిలు చేతబట్టుకునేవారు. ఇప్పుడు సెల్‌ఫోను చాటున అదే పని చేస్తున్నారు.

ఈ క్రీడ పుట్టుక పత్రికలలోనే జరిగింది. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటి గళ్ళ ప్రహేళికను ప్రచురించాడు. 1930లలో ఆర్థిక మాంద్యం రోజులలో ఉద్యోగం పోగొట్టుకున్న వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్, వార్తాపత్రికలలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి అక్షరాలకు విలువ కట్టాడు. అదే తరువాత ‘స్క్రాబుల్’ అయింది. మన భాషలో శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు ఈ గళ్ళను తెలుగు నుడికారంతో నింపి పాఠకులకు వారం వారం పరీక్ష పెట్టారు. ఇప్పుడు ఈ వెదుకులాటకు మెదడుతో కూడా పని లేదు. యంత్రంలో ఏడక్షరాలు వేస్తే క్షణంలో వంద మాటలు రాలిపడుతున్నవి.

ఎంత మారినా ఈ ఆట నియమం మాత్రం ఒక్కటే: అక్షరం ముందు, అర్థం వెనుక. గడిలో ఇమిడిన మాటే సరైన మాట. ఆ మాటకు లోకంలో పని ఉన్నదా లేదా అన్నది ఆటగాడికి అనవసరం. ఆట ఆటగా ఉన్నంతకాలం ఇందులో ఆక్షేపించవలసినది లేదు. కానీ రాజధానిలో కొంతకాలంగా ప్రభుత్వాలే ఈ ఆట ఆడుతున్నవి. ఆ ఆటలో పావులు ఎక్కడెక్కడ కదులుతున్నవో చూడదలచినవారికి బస్తరును మించిన ఉదాహరణ లేదు.

చట్టాల పేర్లలో చదరంగం

ఒకప్పుడు మన చట్టాలకు ముందు పేరు పెట్టేవారు, పొట్టి అక్షరాలు తరువాత వాటంతట అవే పుట్టేవి. 1971 నాటి అంతరంగిక భద్రతా చట్టం ‘మీసా’ అయింది అలాగే. ఆ పేరు చివరికి ఎంత భయంకరంగా ధ్వనించినా, దానిని కావాలని కూర్చినవారు లేరు. ఇప్పుడు వరుస తిరగబడింది. ముందుగా చెవికింపైన మాటను ఎన్నుకుని, దాని అక్షరాలకు తగిన మాటలను నిఘంటువులో వెదుకుతున్నారు.

ఇది ఒక పక్షానికి పరిమితమైన జాడ్యం కాదు. 2023 జూలైలో 26 ప్రతిపక్షాలు బెంగుళూరులో సమావేశమై తమ కూటమికి దేశం పేరే పెట్టుకున్నవి. ‘ఇండియా’లోని అయిదక్షరాలకు అయిదు ఇంగ్లీషు మాటలు సమకూర్చటంలో ఎంత శ్రమ పడ్డారో ‘డెవలప్‌మెంటల్’, ‘ఇన్‌క్లూజివ్’ అనే రెండు విశేషణాలు పక్కపక్కనే నిలబడటం చూస్తే తెలుస్తుంది. 2025 డిసెంబరులో అధికారపక్షం గ్రామీణ ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చినప్పుడు ఈ విద్య పరాకాష్ఠ నందుకున్నది. ‘వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్)’ అనే ఆ పేరులో రెండు భాషలు కలగలిశాయి. ఎందుకు కలిశాయంటే, పొట్టి అక్షరాలు కూడినప్పుడు ‘జీ రామ్ జీ’ అని పలకాలి గనుక. గాంధీ పేరు పోయిందన్న ఆవేదనతో ప్రతిపక్షం, పనిదినాలు వందనుంచి నూటపాతికకు పెరిగాయన్న అతిశయంతో ప్రభుత్వం సభలో చాలాసేపు పోరాడినవి. పేరు మీద నడిచినంత రభస, కూలి ఖర్చులో రాష్ట్రాలు మోయవలసిన వాటా మీద నడవలేదు.

బస్తరుకు సంబంధించి ఈ విద్య సౌమ్యంగా ప్రయోగింపబడిన సందర్భమూ ఒకటున్నది. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరిస్తూ 1996లో వచ్చిన చట్టాన్ని మనమంతా ‘పెసా’ అంటున్నాము. దిలీప్‌సింగ్ భూరియా కమిటీ సిఫార్సులు దానికి పునాది. ఒకప్పుడు బస్తరు కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ కృషి దానికి ఊపిరి. చట్టం పూర్తి ఇంగ్లీషు పేరును అక్షరాలా కుదిస్తే మొదట రెండు ‘పి’లు రావాలి, ‘ప్రొవిజన్స్’కు ఒకటి, ‘పంచాయత్స్’కు ఒకటి. మాటగా పలకటానికి అడ్డం వస్తున్నదని ఒక ‘పి’ని ఎవరో నిశ్శబ్దంగా జారవిడిచారు. రాలిపోయినది ‘ప్రొవిజన్స్’, అనగా నిబంధనలు. చట్టం వచ్చిన తరువాత ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దాని అమలుకు నియమావళి రూపొందించటానికి 2022 దాకా పట్టిందంటే, పేరులో జారిపోయిన మాటే ఆచరణలోనూ జారిపోయిందనిపిస్తుంది.

‘సమాధాన్’లో ఎనిమిది గళ్ళు

2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు నేలకొరిగారు. రెండు వారాలు తిరగకుండానే, మే 8న, తీవ్రవాద ప్రభావిత రాష్ట్రాల ముఖ్యమంత్రులతో ఢిల్లీలో జరిగిన సమావేశంలో నాటి హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఒక కొత్త వ్యూహాన్ని ప్రకటించారు. దాని పేరు ‘సమాధాన్’. హిందీలో ఆ మాటకు పరిష్కారమని అర్థం. మనకు సమాధానమంటే జవాబు. ఇంగ్లీషు లిపిలో దానికి ఎనిమిది అక్షరాలు: ఎస్, ఏ, ఎమ్, ఏ, డి, హెచ్, ఏ, ఎన్.

ఈ ఎనిమిది గళ్ళను హోంశాఖ ఇలా పూరించింది. ఎస్‌కు స్మార్ట్ లీడర్‌షిప్, చురుకైన నాయకత్వం. ఏకు అగ్రెసివ్ స్ట్రాటజీ, దూకుడైన వ్యూహం. ఎమ్‌కు మోటివేషన్ అండ్ ట్రైనింగ్, ప్రేరణ, శిక్షణ. రెండవ ఏకు యాక్షనబుల్ ఇంటెలిజెన్స్, చర్యకు ఉపకరించే సమాచారం. డికి డాష్‌బోర్డు, అనగా ఎవరెంత పని చేశారో కొలిచే సూచికల ఫలకం. హెచ్‌కు హార్నెసింగ్ టెక్నాలజీ, సాంకేతిక విజ్ఞాన వినియోగం. మూడవ ఏకు యాక్షన్ ప్లాన్, ఒక్కొక్క రంగస్థలానికి ఒక్కొక్క కార్యాచరణ ప్రణాళిక. ఎన్‌కు నో యాక్సెస్ టు ఫైనాన్సింగ్, నిధులు అందకుండా చేయటం.

ఈ ఆట తెలిసినవారు చూడగానే ఆటగాడి తంటాలు పోల్చుకోగలరు. ‘ఏ’ మూడుసార్లు వచ్చి ఇరుకున పెట్టింది. రెండు చోట్ల ‘యాక్షన్’ అనే ఒకే మాటను అటూ ఇటూ తిప్పి గడి నింపవలసి వచ్చింది. ‘డి’ దగ్గర ‘డాష్‌బోర్డు’ దొరికింది. ఆ మాట మొదట గుర్రపుబండికి సంబంధించినది. గిట్టలు చిమ్మే బురద బండి తోలేవాని మీద పడకుండా ముందు బిగించే పలక అది. ‘హార్నెస్’ కూడా గుర్రపు సామగ్రే. అడవిలో నడిచి వెళ్ళవలసిన యుద్ధానికి రెండు గుర్రపు మాటలు ఎలా వచ్చాయంటే, గడిలో డి, హెచ్ ఉన్నవి గనుక వచ్చాయి.

ఆ వ్యూహం ఫలించిందా లేదా అన్నది ఇక్కడ చర్చ కాదు. 2025లో మావోయిస్టు అగ్రనాయకులు పలువురు ఎదురుకాల్పులలో మరణించటం, మల్లోజుల వేణుగోపాల్ వంటివారు ఆయుధాలు అప్పగించటం, జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా ఒకేసారి లొంగిపోవటం పాఠకులకు తెలిసినదే. ప్రశ్న వేరు. అవే ఎనిమిది గళ్ళను ఇంకొక చేయి నింపి ఉంటే ఏ మాటలు వచ్చేవి?

ఎస్‌కు స్కూలు. ఏకు అంగన్‌వాడి. ఎమ్‌కు మిడ్‌వైఫ్, అనగా మంత్రసాని. రెండవ ఏకు అసెంబ్లీ. శాసనసభ కాదు, పెసా చట్టం చెప్పిన గ్రామసభ. డికి డాక్టరు. హెచ్‌కు హాస్పిటలు. మూడవ ఏకు ఆదివాసి. ఎన్‌కు న్యూట్రిషన్, పోషకాహారం. ఇందులో ఏ ఒక్క మాటకూ నిఘంటువు వెదకనక్కరలేదు. బస్తరు గ్రామాలలో ఇంగ్లీషు రానివారికి కూడా వీటిలో సగం మాటలు వచ్చును. అక్షరాలు ఎవరినీ నిర్బంధించలేదన్నమాట. ఏ మాట ముందుగా తట్టిందన్నదే అసలు సంగతి.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు సదుపాయాలు కల్పించే పథకాన్ని ప్రారంభించి, దానికి ‘నియద్ నెల్లనార్’ అని గోండీలో పేరు పెట్టింది. ‘మీ మంచి ఊరు’ అని అర్థం. అందులో పొట్టి అక్షరాలు లేవు, ఇంగ్లీషు గళ్ళు లేవు. పథకం అమలులో లోపాలుంటే ఆ ఊరివారే ఆ పేరు పట్టుకుని నిలదీయగలరు. ‘ఇదేనా మంచి ఊరు?’ అని అడగవచ్చును. ‘ఇదేనా డాష్‌బోర్డు?’ అని ఎవరడుగుతారు?

‘ఆఫీసర్’ అనే మాట

అక్షరాలు మారి మనుషులు మారని సందర్భం కూడా బస్తరులోనే ఉన్నది. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో ఆదివాసీ యువకులను ‘ఎస్.పి.ఓ.’లుగా నియమించారు. స్పెషల్ పోలీస్ ఆఫీసర్ అని దాని విస్తరణ. అయిదవ తరగతి చదువు చాలు; నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనం; చేతికి తుపాకి. ఆ మూడవ గడిలో ‘ఓ’కు ‘ఆఫీసర్’ అనే మాట తప్ప, ఆఫీసరుకు ఉండవలసిన హోదా గాని, జీతం గాని, శిక్షణ గాని లేవు.

2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం, నందినీ సుందర్ తదితరుల వ్యాజ్యంలో, ఆదివాసీ యువకులను ఈ విధంగా మావోయిస్టులపై పోరుకు వినియోగించటం రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. ఆ తీర్పు జోసెఫ్ కాన్రాడ్ ఆఫ్రికా నవలను ప్రస్తావిస్తూ మొదలవుతుంది. మన తెలుగు న్యాయమూర్తి కలం నుంచి వచ్చిన ఆ తీర్పును ఆంగ్ల సాహిత్య విద్యార్థులు కూడా చదవవలసి ఉన్నది.

తీర్పు వచ్చిన తరువాత జరిగినదేమిటి? అదే ఏడాది రాష్ట్రం కొత్త చట్టం చేసి సహాయక సాయుధ పోలీసు దళాన్ని ఏర్పరచింది. ఎస్, పి, ఓ అనే మూడక్షరాలు రద్దయినవి. ఆ యువకులలో అనేకులు కొత్త అక్షరాల కింద పాత తుపాకులతోనే నిలిచారు. ఆ చట్టం చేయటం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. శాసనసభకు చట్టం చేసే అధికారం ఉన్నదన్న సూత్రం సబబే కావచ్చును. ఆ యువకుని దృష్టిలో మాత్రం మారినది భుజం మీది అక్షరాలే.

పేరు దొరకని మనిషి

ఇంతవరకు చెప్పినది ఆటలో ఒక సగం. ఢిల్లీ తన అక్షరాలకు మాటలు వెదుక్కోవటం. రెండవ సగం బస్తరులో జరుగుతుంది. అక్కడి మనిషి తన పేరును ఢిల్లీ ముద్రించిన అక్షరాలలో వెదుక్కోవటం. మొదటి సగంలో ఓడినవారికి పోయేదేమీ లేదు. రెండవ సగంలో ఓడినవారికి కుల ధ్రువపత్రం పోతుంది. దానితో పాటు బిడ్డ చదువు, కొలువు పోతాయి.

రాజ్యాంగం 341, 342 అధికరణాల ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగల పట్టికలను రాష్ట్రపతి ప్రకటిస్తారు. ఒకసారి ప్రకటించిన తరువాత అందులో ఒక పేరును చేర్చాలన్నా, తొలగించాలన్నా పార్లమెంటు చట్టం చేయవలసిందే. 1950 నాటి ఉత్తర్వులు, 1976 నాటి సవరణ చట్టం, 2000లో ఛత్తీస్‌గఢ్ అవతరణ, వీటన్నిటి మీదుగా నడచి వచ్చిన పట్టికను నేను ఈ మధ్య మరొకసారి ఆసాంతం చదివాను. పదహారవ పద్దు గోండులది. దాని కింద అర్ధశతానికి పైబడిన పేర్లున్నవి.

చదువుతుంటే గుమాస్తా అవస్థ కళ్ళకు కడుతుంది. ‘బడీ మారియా’ పక్కన ‘బడా మారియా’. ‘మాడియా’ పక్కన ‘మారియా’. ‘ముడియా’ పక్కన ‘మురియా’. ఒకే పేరు ‘వడే మారియా’ డబ్ల్యూతో ఒకసారి, వితో ఇంకొకసారి. ‘గట్టా’, వెనువెంటనే ‘గట్టి’. కోయ, దొర్ల, మన్నెవార్ అని మనకు చిరపరిచితమైన పేర్లూ అందులో ఉన్నవి. ఒక పేరును ఎన్ని విధాల రాయవచ్చునో అన్ని విధాలా రాసి పెట్టి, తెల్లవారి ఎవరూ వచ్చి అడగకుండా జాగ్రత్తపడినట్లుంటుంది. కానీ ఎన్ని విధాల రాసినా ఇంకొక విధం మిగిలే ఉంటుంది. అక్షరాల లెక్క అటువంటిది.

దీనికి మూలం ఆదివాసి నాలుక కాదు, ఇంగ్లీషు అక్షరమాల. డ-కారానికీ ర-కారానికీ నడుమ, నాలుక మడిచి తాటించి పలికే ధ్వని ఒకటి ఉత్తరాది భాషలలో ఉన్నది. నాగరి లిపిలో డ కింద చుక్క పెట్టి దానిని చూపుతారు. ఇంగ్లీషులో ఆ ధ్వనికి అక్షరం లేదు. ఒక అధికారి చెవికది ‘డి’గా వినిపించింది, ఇంకొకరికి ‘ఆర్’గా వినిపించింది. అలా ఒకే మనిషి మాడియా అయ్యాడు, మారియా కూడా అయ్యాడు. ఇంగ్లీషు చదివేవారికి ఆ రెండవ రూపం క్రైస్తవ కన్య పేరులా కనిపిస్తుందన్నది వేరే సంగతి.

అదే పద్దులో ‘బైసన్‌హార్న్ మారియా’ అని ఇంకొక పేరున్నది. పెళ్ళిళ్ళలో, పండుగలలో కొమ్ముల కిరీటం ధరించి నాట్యమాడే దండామి మారియాలకు బ్రిటిషువారు పెట్టిన పేరది. 1938లో ‘బస్తరు మారియా గోండులు’ అనే గ్రంథం వెలువరించిన గ్రిగ్‌సన్ దొర ఆ పేరును వాడుకలో స్థిరపరచారు. ఆ కొమ్ములు మన అడవిదున్నవి. బైసన్ అనే జంతువు అమెరికాలో, ఐరోపాలో ఉన్నది గాని మన అడవులలో లేదు. మన రాజ్యాంగపు ఉత్తర్వులో, ఒక ఆదివాసీ సముదాయం పేరుగా, ఆ అడవిలో ఎన్నడూ తిరగని జంతువు పేరు ఇంగ్లీషులో స్థిరపడి ఉన్నది. ఆ మనుషులు తమను తాము ‘కోయితోర్’ అనుకుంటారు. ఆ మాటకు దగ్గర రూపం కూడా అదే పట్టికలో, చిల్లర పేర్ల నడుమ, ఎక్కడో ఉన్నది.

అయిదక్షరాల తకరారు

ఈ కథలో అన్నిటికంటె విచిత్రమైన ఘట్టం షెడ్యూల్డు కులాల పట్టికలో జరిగింది. బస్తరు గ్రామాలలో తరతరాలుగా నేతపని చేసిన సముదాయానికి మహ్రా అని పేరు. ఛత్తీస్‌గఢ్ పట్టికలో మెహ్రా, మహార్, మెహర్ అని మూడు పేర్లుండేవి. మహ్రా లేదు.

ఈ పేర్లను ఇంగ్లీషులో కూడబలుక్కుని చూడండి. పట్టికలో ఉన్న మహార్‌కు ఎమ్, ఏ, హెచ్, ఏ, ఆర్. పట్టికలో లేని మహ్రాకు ఎమ్, ఏ, హెచ్, ఆర్, ఏ. అవే అయిదక్షరాలు. చివరి రెండూ తారుమారైనవి, అంతే. పత్రికలో వచ్చే పజిలులో ఈ అయిదక్షరాలిచ్చి మాటలు కూర్చమంటే, రెండింటికీ మార్కులు వస్తాయి. తహసీలుదారు కచేరీలో ఒకదానికే వస్తాయి.

ఛత్తీస్‌గఢ్ రాజకీయాలలో దీనికి ‘మాత్రాత్మక త్రుటి’ అని పేరు. గుణింతపు దోషమన్నమాట. పేరు ఎంత చిన్నదిగా ఉన్నదో దాని పరిష్కారం అంత పెద్దది. రాష్ట్ర ప్రభుత్వం సిఫార్సు చేయాలి. రిజిస్ట్రారు జనరలు సమ్మతించాలి. జాతీయ కమిషను సమ్మతించాలి. కేంద్ర మంత్రివర్గం ఆమోదించాలి. ఉభయసభలు చట్టం చేయాలి. రాష్ట్రపతి సంతకం కావాలి. రెండక్షరాలు స్థానాలు మార్చుకోవటానికి ఇంత యంత్రాంగం కదలాలి. చివరికి 2023 వర్షాకాల సమావేశాలలో, మణిపూర్ మంటల మీద సభలు అట్టుడుకుతున్న రోజులలో, మహ్రా, మహారా అనే రెండు రూపాలను పట్టికలో చేర్చే బిల్లు ఆమోదం పొందింది. ఆ సమావేశాల వార్తలలో అవిశ్వాస తీర్మానానికి దక్కిన స్థలంలో నూరవ వంతు దీనికి దక్కలేదు. బస్తరు నేతవారికి మాత్రం ఆ సమావేశాలన్నిటిలో ఇదే వార్త.

గట్టితనమూ అవసరమే

ఇంత చిన్న విషయానికి ఇంత కాఠిన్యమెందుకని ఆవేశపడేముందు రెండవ పక్షం వినాలి. 1964లో మైసూరు రాష్ట్రానికి సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కొంత ఉదారంగా వ్యవహరించింది. పట్టికలో ఉన్న ‘భోవి’ అన్నది మన ‘బోయి’ మాటకు ఇంగ్లీషు స్పెల్లింగు భేదమేనని గ్రహించి, ఒడ్డె కులస్థుని ఎన్నికను నిలబెట్టింది. కానీ 2000 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మహారాష్ట్ర ప్రభుత్వానికీ మిలింద్ అనే విద్యార్థికీ నడుమ నడిచిన వ్యాజ్యంలో కట్టుదిట్టమైన గీత గీసింది. పట్టికను ఉన్నది ఉన్నట్లుగా చదవాలి; ఫలానా కులం ఫలానా తెగలో భాగమేనని విచారణ జరిపే అధికారం కోర్టులకు గాని, ప్రభుత్వాలకు గాని లేదు. అక్కడ వివాదం హల్బా తెగ పేరు మీద నడిచింది. హల్బాలు బస్తరులో ముఖ్యమైన ఆదివాసులు. వారి హల్బీ భాష ఒకప్పుడు బస్తరు సంస్థానమంతటా అందరికీ అర్థమయ్యే వ్యవహార భాష. ఆ పేరును ముందు తగిలించుకుని వేరే నేత కులంవారు ధ్రువపత్రాలు పొందారన్నది అభియోగం.

ఆ భయం నిరాధారం కాదు. అక్షరం ఒకసారి వదులైతే, దాని సందులోంచి బలవంతులే ముందు దూరుతారు. మహారాష్ట్రలో ధన్‌గర్లు పట్టికలోని ‘ధన్‌గడ్’ తామేనని, డి, ఆర్ అక్షరాల పొరపాటు వల్ల తమకు అన్యాయం జరిగిందని దశాబ్దాలుగా వాదిస్తున్నారు. అదే ర-డ తకరారు. బొంబాయి హైకోర్టు 2024లో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. మారియా, మాడియాల విషయంలో నిజమైన సంగతే, ఇంకొకచోట నిరూపణ కాని వాదమవుతున్నది.

ఒక్కొక్కప్పుడు ఈ వాదానికి ప్రాణాలు కూడా బలి అయినవి. పట్టికలో ‘గోండ్ గోవారీ’ అని రెండు మాటలు కలిసి ఉన్నవి. అవి రెండు వేరు పేర్లా, ఒక్కటే పేరా? తాము ఆదివాసులమని గుర్తింపు కోరుతూ 1994 నవంబరు 23న నాగపూరులో శాసనసభకు ఊరేగింపుగా వెళ్ళిన గోవారీలలో 114 మంది తొక్కిసలాటలో మరణించారు. అది ఒక్కటే పేరని, గోవారీలు గోండ్ గోవారీలు కారని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పింది. రెండు మాటల నడుమ కామా ఉన్నదా లేదా అన్నంత సన్నని ప్రశ్న చుట్టూ ఒక సముదాయం పాతికేళ్ళకు పైగా తిరిగింది.

గోదావరికి ఈవల

ఇదంతా ఎక్కడో దండకారణ్యంలోని గొడవ అనుకుంటే పొరపాటు. కాకతీయ సామ్రాజ్యం కూలిన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరుకు వెళ్ళి రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. రాజులు అటు వెళ్ళారు. ఏడు వందల ఏళ్ళకు, 2005 తరువాత, సల్వాజుడుం మంటలకు తాళలేక ప్రజలు ఇటు వచ్చారు. భద్రాచలం, ములుగు అడవులలో గుడిసెలు వేసుకున్న వారిని మనవారు గుత్తికోయలని, గొత్తికోయలని పిలుస్తున్నారు. బస్తరులో వారు మురియాలు, మాడియాలు, పట్టికలోని ఆదివాసులు. ఇక్కడ ఆ గుర్తింపు లేదు.

మన తెలుగు రాష్ట్రాల పట్టికలో కోయల పద్దు కింద ‘గుట్ట కోయ’ అనే పేరున్నది. ఇంగ్లీషులో రాస్తే గుట్టకూ గుత్తికీ చివరి అచ్చు ఒక్కటే తేడా. ట-కారమో, త-కారమో చెప్పటం ఆ లిపికి చేతకాదు. తెలుగులో రాసినప్పుడు గాని రెండూ వేరు మాటలని తెలియదు. కనుక అక్షరం సర్దితే వారి సమస్య తీరుతుందని నేననను. అసలు అడ్డంకి రాష్ట్ర సరిహద్దు. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగవాడైన మనిషికి ఇంకొక రాష్ట్రానికి వలస పోయినంత మాత్రాన ఆ హోదా వెంటరాదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఉద్యోగం కోసం వెళ్ళినవానికి ఆ సూత్రం న్యాయమే. ప్రాణం కోసం పారిపోయి వచ్చినవానికి కూడా అదే కొలత వర్తిస్తుందా అన్న ప్రశ్నను పార్లమెంటు ఇంతవరకు సూటిగా ఎదుర్కొనలేదు.

ఒక్క వివరణ చాలు

మరి మార్గమేమిటి? 2023లోనే ఛత్తీస్‌గఢ్ తెగల పట్టికను సవరిస్తూ వచ్చిన ఇంకొక చట్టంలో చిన్న దారి కనిపిస్తున్నది. పండో అనే తెగ పేరుకు ఇంగ్లీషు రూపంతో పాటు మూడు నాగరి రూపాలను ఆ చట్టం పట్టికలోకి ఎక్కించింది. ఇంగ్లీషు అక్షరాల కోటలోకి దేశీయ లిపి ఒకటి ప్రవేశించిన సందర్భమది. ఒకే పేరుకు మూడు నాగరి రూపాలు అవసరం కావటంలోని వింతను అలా ఉంచితే, సూత్రం మంచిది.

ఆ సూత్రాన్ని తెగతెగకూ విడివిడిగా కాక, ఒక్కసారే అందరికీ వర్తింపజేయవచ్చును. కొత్త సముదాయాలను చేర్చటానికి ఇప్పుడున్న కఠినమైన దారినే ఉంచండి. అది నిజమైన ఆదివాసికి రక్షణ. కానీ ప్రతి పేరుకూ ఆ ప్రజల నోట పలికే ధ్వనిని స్థానిక లిపిలో, గోండీకైతే గోండీ లిపిలో కూడా, పట్టికలో పక్కనే ముద్రించి, ఆ ధ్వనికి ఏ లిప్యంతరమైనా అదే పేరుగా భావించాలని ఒక్క వివరణను పార్లమెంటు చట్టంగా చేస్తే చాలు. ధన్‌గడ్ వివాదం వంటివి అప్పుడు కూడా తేలవలసిన చోటనే తేలుతాయి. ధ్వని ఏదో, సముదాయం ఏదో సాక్ష్యంతో నిర్ణయమవుతుంది. మహ్రాల వంటివారు మాత్రం రెండక్షరాల కోసం రాష్ట్రపతి సంతకం దాకా నిరీక్షించనక్కరలేదు.

గోండీకి లిపి లేదని ఎవరైనా అంటే మన ఆదిలాబాదు వైపు వేలు చూపవచ్చును. అక్కడి గుంజాల గ్రామంలో దొరికిన వ్రాతప్రతుల లిపి 2018లో ప్రపంచ కంప్యూటర్లన్నిటికీ ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది. దానికి ముందటి ఏడాదే మంగళ్‌సింగ్ మసారం రూపొందించిన మరొక గోండీ లిపి చేరింది. 2011 జనగణన ప్రకారం దాదాపు ముప్ఫయి లక్షల మంది మాట్లాడే ఆ భాష రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో మాత్రం లేదు. యంత్రాలు గుర్తించిన అక్షరాలను పట్టిక ఇంకా గుర్తించవలసి ఉన్నది.

పట్టికల సవరణ బిల్లులు దాదాపు ప్రతి ఏడూ ఏదో ఒక రాష్ట్రానికి వస్తూనే ఉన్నవి. అవి వచ్చినప్పుడు సభలో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మాట్లాడినవారు బిల్లును సమర్థిస్తున్నామని రెండు ముక్కలు చెప్పి, తమ నియోజకవర్గం రోడ్ల సంగతి ఎత్తుకుంటారు. వచ్చేసారి మన తెలుగు సభ్యులలో ఒక్కరైనా లేచి, అనుబంధంలోని పేర్లను వాటి సొంత ఉచ్చారణతో సభలో పైకి చదివి, ఈ వివరణను సవరణగా ప్రతిపాదిస్తే, ఆ పేర్లు కనీసం పార్లమెంటు రికార్డులోనైనా సరిగా నమోదవుతాయి. అందుకు ఏ కూటమి అనుమతీ అవసరం లేదు.